‘గూల్’ అంటే చేయడం: కార్నిష్ వాక్యాన్ని మోసే క్రియ

1776 జూలై 3న, ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని మౌజల్ అనే బెస్తవారి ఊరి నుంచి విలియం బోడినార్ అనే జాలరి ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఆ నేల పాత భాష అయిన కార్నిష్ తెలిసినవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారా అని ఆరా తీస్తున్న డెయిన్స్ బారింగ్టన్‌కు అది చేరింది. తన వయసు ‘మూడు ఇరవైలూ అయిదు’ అని మొదలుపెట్టి, చిన్నప్పుడు ముసలివాళ్లతో సముద్రం మీదికి వెళ్తూ ఆ భాష నేర్చుకున్నానని, ఇప్పుడు ఊళ్లో నలుగురైదుగురికి మించి మాట్లాడలేరని చెప్పాడు. నోటి నుంచి నోటికి వచ్చిన కార్నిష్‌లో మనకు మిగిలిన చివరి గద్యంగా ఈ ఉత్తరాన్నే లెక్కిస్తారు.

పట్టుమని పది వాక్యాలు లేని ఆ ఉత్తరంలో ‘రిగ్’ అనే పొట్టి మాట మూడుసార్లు వస్తుంది. ‘మీ రిగ్ డెస్కీ’ అంటే నేను నేర్చుకున్నాను. ‘మీ రిగ్ స్కాంట్లోవర్ క్లౌవెస్’ అంటే నేను విన్నది బహు తక్కువ. పడవలో వారం పొడుగునా ఒక్క ఇంగ్లీషు ముక్కైనా వినబడేది కాదని అతని మాట. ‘నా రిగ్ అవీ బిస్కాత్ గ్వెలాస్’ అంటే నేనెప్పుడూ చూడలేదు. చూడనిది కార్నిష్ పుస్తకం. నేర్చుకోవడం, వినడం, చూడడం వేరువేరు పనులు. మూడింటికీ గతకాలాన్ని తెచ్చిపెట్టింది మాత్రం ఆ ఒక్క ‘రిగ్’. అది ‘గూల్’ అనే క్రియ తాలూకు భూతకాల రూపం. గూల్ అంటే చేయడం.

ఉచ్చారణ సంగతి ముందే తేల్చుకోవాలి. ‘గూల్’లోని అచ్చు మన ‘ఊ’ కాదు. పెదవులు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి, నాలుకతో ‘ఈ’ అంటే వచ్చే ధ్వని అది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి ఇక్కడ ‘ఊ’ అనే రాస్తున్నాం. చివరి శతాబ్దాల్లో కార్నిష్ వాళ్లు పెదవులు గుండ్రంగా చుట్టడం మానేశారు, ‘ఈ’ మిగిలింది. గూల్‌కు ఆ కాలపు రూపం ‘గ్వీల్’. బోడినార్ ‘రిగ్’ అన్నది కూడా అందుకే. అంతకు ముందు అది ‘రూగ్’, ఇంకా ముందు ‘వ్రూగ్’, అసలు రూపం ‘గ్వ్రూగ్’.

ఈ క్రియ వేరు చాలా లోతున ఉంది. భాషా చరిత్రకారులు ఇండో-యూరోపియన్ మూలభాషకు ఊహించి కట్టిన ధాతువుల్లో ‘వెర్గ్’ ఒకటి, పని చేయడం అని దాని అర్థం. ఇంగ్లీషు ‘వర్క్’ అక్కడిదే. గ్రీకులో అదే ‘ఎర్గోన్’ అయింది. ఎనర్జీ, అలర్జీ అని మనం రోజూ వాడే మాటల చివర వినిపించే ‘ర్జీ’ ఆ ఎర్గోన్ తోకే. కెల్టిక్ శాఖలో ధాతువు లోపలి అచ్చు, రేఫ చోట్లు మార్చుకుని ‘వ్రెగ్’ లాంటి రూపం వచ్చింది. తర్వాత వెల్ష్, కార్నిష్, బ్రెటన్ మూడింటికీ తల్లి అయిన బ్రిటానిక్ భాషలో మాట మొదటి ‘వ’ ముందు ‘గ’ చేరింది. లాటిన్‌లో ద్రాక్షసారా ‘వీనుమ్’ కార్నిష్‌లో ‘గ్వీన్’ అయినట్టే, ‘వ్ర’ ఇక్కడ ‘గ్వ్ర’ అయింది.

కార్నిష్ పాత ప్రతుల్లో నామరూపం, అంటే ‘చేయడం’ అని పనికి పేరుగా నిలిచే రూపం, ‘గ్రుథిల్’ అని పూర్తిగా కనిపిస్తుంది. నడిచే కొద్దీ అరిగింది: రేఫ పోయి ‘గుథిల్’, నడిమి హల్లు కూడా పోయి ‘గూల్’. మాట ఎంత ఎక్కువ వాడితే అంత త్వరగా అరుగుతుంది. మన ‘చేయుచున్నాను’ నోటివాడుకలో ‘చేస్తున్నా’ దాకా వచ్చినట్టే. వెల్ష్‌లో దీని జోడు ‘గ్వ్నేథిర్’, ఇప్పటి వాడుకలో ‘గ్వ్నేడ్’. అక్కడ రేఫ ఉండాల్సిన చోట నకారం కనిపిస్తుంది. వెల్ష్‌లోనూ మొదట రేఫే ఉండేదని చెప్పడానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. లిచ్‌ఫీల్డ్‌లో దాచిన ప్రాచీన సువార్త ప్రతి అంచున వెయ్యేళ్ల క్రితం పాత వెల్ష్‌లో ఒక భూమి తగాదా పరిష్కారం రాసి పెట్టారు. అందులో ‘గురగున్ తంక్’ అని ఉంది: ‘సంధి చేసుకుందాం’. బ్రెటన్ మాత్రం నామరూపాన్ని వదిలేసుకుని లాటిన్ నుంచి ‘ఓబెర్’ తెచ్చుకుంది, అయినా కాలరూపాల్లో పాత వేరే నిలిచింది: ‘మే అ రా’ అంటే నేను చేస్తాను.

ఇక ‘గ్వ్ర’ ముడిని విప్పుదాం. కార్నిష్‌లో మాట మొదటి హల్లు ముందున్న మాటను బట్టి మారుతుంది. కొత్తగా చూసేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుందిగానీ తెలుగువాళ్లకు పరాయిది కాదు. తల్లి, తండ్రి కలిస్తే ‘తల్లిదండ్రులు’. అన్న, తమ్ముడు కలిస్తే ‘అన్నదమ్ములు’. కూర, కాయ కలిస్తే ‘కూరగాయ’. బడిలో గసడదవాదేశ సంధి అని బట్టీ పట్టింది ఇదే. కార్నిష్‌లో తండ్రి ‘తాస్’, నీ తండ్రి ‘ద దాస్’. త పోయి ద రావడం అచ్చం మన పద్ధతి. తేడా ఏమిటంటే మనకు ఇది సమాసాల్లోనూ పద్యాల్లోనూ మిగిలింది, కార్నిష్‌లో ప్రతి వాక్యంలోనూ పని చేస్తుంది. పైగా ఒకటి కాదు, నాలుగైదు రకాల మార్పులు.

మన క్రియకు కావలసినవి మూడు. మొదటిది మెత్తని మార్పు: ‘గ్వ’లోని గ రాలిపోతుంది. ‘అ’ అనే చిన్నమాట తర్వాత, ‘కాదు’ అర్థమిచ్చే ‘ని’ తర్వాత, ‘ఎప్పుడైతే’ అనే ‘పాన్’ తర్వాత గ్వ్రా ‘వ్రా’ అవుతుంది. రెండోది గట్టి మార్పు: గ బదులు క వస్తుంది. ‘అయితే’ అనే అర్థంలో వచ్చే ‘మార్’ తర్వాత ‘మార్ క్వ్రా’, అంటే ‘చేస్తే’. మూడోది మిశ్రమ మార్పు: ‘ఇ’ అనే చిన్నమాట తర్వాత గ పోయి హ వస్తుంది, ‘ఇ హ్వ్రావ్’ అంటే ‘చేస్తాను’. నామరూపానికీ ఇదే గతి. ‘చేయడానికి’ అనాలంటే ‘దె’ తర్వాత ‘దె వూల్’. ‘చేస్తూ’ అనాలంటే ‘ఒ కూల్’. అది విని చల్లదనం గురించి అనుకోకూడదు. ‘దె వూల్’ దగ్గర ఇంకో మెలిక ఉంది. గకారంతో మొదలై తర్వాత ‘అ’ ఉన్న మాటల్లో మెత్తని మార్పు వస్తే గ పూర్తిగా మాయమవుతుంది: కాలు అనే ‘గార్’ కాస్తా ‘ఆర్’. గూల్‌లో మాత్రం ఖాళీ అయిన చోట వ లేస్తుంది. అరిగి పోయిన ‘గ్వ్ర’లోని వకారం అక్కడ తొంగి చూస్తోందని అనుకుంటే గుర్తుండిపోతుంది.

నిఘంటువు తీసి వెతికేవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడ. వాక్యంలో ‘క్వ్రా’ కనిపించింది కదా అని క దగ్గర, ‘వ్రూగ్’ చూసి వ దగ్గర, ‘హ్వ్రావ్’ చూసి హ దగ్గర వెతికితే ఏమీ దొరకదు. అన్నీ గ కిందే, అదీ గూల్ అనే ఒక్క మాట కింద ఉంటాయి. మొదటి హల్లును చూసి కాదు, దాని ముందున్న చిన్నమాటను చూసి వెనక్కి నడవాలి. ‘మార్’ ఉంటే క తీసి గ పెట్టు, ‘అ’ గానీ ‘ని’ గానీ ఉంటే వ ముందు గ చేర్చు. నాలుగు రోజులు చేస్తే కంటికి అలవాటవుతుంది.

‘వ్రా’ అనగానే తెలుగు పాఠకుడికి ‘వ్రాయు’ గుర్తొస్తుంది. అర్థంలో చుట్టరికం లేదు, ధ్వని నడకలో మాత్రం ఉంది. వ్రాయు మన నోళ్లలో రాయు అయింది. కార్నిష్‌లో ‘మీ అ వ్రా’ చివరికి ‘మీ రా’గా మిగిలింది. ఇంగ్లీషు కూడా ఇదే బాట పట్టింది, రాతలో వ ఉన్నా పలుకులో ర ఒక్కటే. విమానం చేసిన రైట్ సోదరుల ఇంటిపేరుకు అర్థం ‘చేసేవాడు, పనివాడు’. ఆ మాట కూడా వెర్గ్ ధాతువుదే. అంటే గూల్‌కు దూరపు దాయాది. అక్కడా వకారం రాతకే పరిమితం.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. కార్నిష్‌లో ‘నేను పుస్తకం కొంటాను’ అనడానికి కనీసం మూడు దారులున్నాయి. మొదటిది: క్రియనే ముందు పెట్టి పురుషను బట్టి మార్చడం, ‘ఇ ప్రెనావ్ లివెర్’. రెండోది: కర్తను ముందు పెట్టి ‘అ’తో కలపడం, ‘మీ అ బ్రెన్ లివెర్’. మూడోది: గూల్‌ను తోడు తెచ్చుకుని అసలు క్రియను నామరూపంలోనే వదిలేయడం, ‘మీ అ వ్రా ప్రెన లివెర్’. ‘ప్రెన’ కొనడం, ‘లివెర్’ పుస్తకం. మాటకు మాట పెడితే మూడోది ‘నేను చేస్తాను కొనడం పుస్తకం’. అలాగని తెలుగులో ‘కొనడం చేస్తాను’ అని అనువదిస్తే అది సర్కారు ఉత్తర్వులా వినిపిస్తుంది, ‘ప్రారంభించడం జరిగింది’ వరసన చేరుతుంది. కార్నిష్‌లో ఆ వాక్యంలో అలాంటి బిగువేమీ లేదు, అది మామూలు మాటే. తెలుగులో ‘కొంటాను’ అంటే చాలు.

మూడో దారిలో సుఖం ఏమిటో చూడండి. ప్రెన లాంటి క్రియ సులువైనదే. ప్రేమించడం అనే ‘కారా’ తీసుకుంటే ధాతువులోని అచ్చే కదులుతుంది: నేనైతే ‘కారావ్’, నువ్వైతే ‘కెరిద్’, అతడైతే ‘కార్’, మేమైతే ‘కెరిన్’, వాళ్లయితే ‘కారొన్స్’. చెప్పడం అనే ‘లెవెరెల్’ ఇంకో దారిలో పోతుంది: ‘లవారావ్’ అంటే చెబుతాను, ‘లెవెరిస్’ అంటే చెప్పాడు. ఇలా ప్రతి క్రియకూ రూపాలు వల్లె వేయాలి. గూల్ తోడుంటే ‘ఏవ్ అ వ్రూగ్ లెవెరెల్’ అంటే సరిపోతుంది: అతడు చెప్పాడు. కాలం గూల్ చెబుతుంది, పనేమిటో నామరూపం చెబుతుంది. ఈ ఒక్క క్రియ రూపాలు వస్తే నిఘంటువులోని దాదాపు ప్రతి క్రియనూ వాక్యంలో పెట్టేయవచ్చు.

కర్త ముందున్న వాక్యంలో ఇంకో సదుపాయం ఉంది. ‘మీ అ వ్రా’ నేను, ‘తీ అ వ్రా’ నువ్వు, ‘ఏవ్ అ వ్రా’ అతడు, ‘హీ అ వ్రా’ ఆమె, ‘నీ అ వ్రా’ మేము, ‘హ్వీ అ వ్రా’ మీరు, ‘ఈ అ వ్రా’ వాళ్లు. క్రియ ఎక్కడా కదల్లేదు. (కార్నిష్ ‘మీ’ మన మీ కాదు, ‘నీ’ మన నీ కాదు. మొదటి వారం ఈ రెండూ కచ్చితంగా తికమక పెడతాయి.) చేస్తాను, చేస్తావు, చేస్తాడు అని ఒక్కొక్కరికీ తోక మార్చే తెలుగువాడికి ఇది బద్ధకంగా కనిపించవచ్చు. కారణం మాత్రం పక్కా వ్యాకరణమే. అక్కడి ‘అ’ మొదట సంబంధార్థకం. అంటే ఆ వాక్యం నిర్మాణంలో ‘చేసేది నేను’ అన్న బాపతు. తెలుగులో కూడా ‘చేసే’ అన్న రూపానికి పురుష లేదు: నేను చేసే పని, నువ్వు చేసే పని, వాళ్లు చేసే పని. కార్నిష్ ‘అ వ్రా’ ఆ ‘చేసే’ లాంటిదని పట్టుకుంటే అది ఎందుకు మారదో మళ్లీ అడగనక్కర్లేదు. కాలక్రమంలో ఒత్తు పోయి అది మామూలు వాక్యమైపోయింది.

క్రియ ముందుకొస్తే మాత్రం రూపాలు కావాలి. వర్తమానంలో గ్వ్రావ్, గ్వ్రేద్, గ్వ్రా, గ్వ్రెన్, గ్వ్రెవ్హ్, గ్వ్రొన్స్. ‘నువ్వు’కు తరచూ సర్వనామం వెనక అతుక్కుంటుంది, ‘అ వ్రేతా?’ అంటే ‘చేస్తావా?’. భూతకాలంలో నేను, అతడు ఇద్దరికీ గ్వ్రూగ్ ఒక్కటే, మిగతావాటిలో ‘స్స’ వస్తుంది: గ్వ్రుస్సిస్ నువ్వు, గ్వ్రుస్సొన్స్ వాళ్లు. అదే ‘స్స’ ఉన్న ఇంకో వరస ‘చేసేవాణ్ణి, చేద్దును’ అనే షరతు అర్థానికి: ‘మీ అ వ్రుస్సా మోస్’ అంటే ‘నేను వెళ్లేవాణ్ణే’. ‘ల్ల’ ఉన్న వరస కోరికకూ ఉద్దేశానికీ: ‘మయ్ హ్వ్రెల్లో’ అంటే ‘అతడు చేసేలా’. ఆజ్ఞార్థకం ‘గ్వ్రా!’, వద్దు అనాలంటే ‘నా వ్రా!’. ‘నా వ్రా మోస్’ అంటే వెళ్లకు. ‘చేసిన, చేయబడిన’ అనే విశేషణం గ్వ్రీస్. ‘గ్వ్రీస్ ఇన్ కెర్నో’ అంటే కార్న్‌వాల్‌లో తయారైనది. కెర్నో అన్నది ఆ నేలకు వాళ్ల పేరు.

వర్తమాన రూపం పేరుకే వర్తమానం. ‘మీ అ వ్రా ప్రెన’ అంటే సందర్భాన్ని బట్టి ‘కొంటూంటాను’, ‘రేపు కొంటాను’ రెండూ. తెలుగు ‘కొంటాను’ సరిగ్గా ఆ రెండు పనులూ చేస్తుంది కాబట్టి మనకిక్కడ చిక్కు లేదు, చిక్కంతా ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లకే. ‘ఇప్పుడు కొంటున్నాను’ అనడానికి మాత్రం గూల్ పనికిరాదు. దానికి ‘ఉండు’ క్రియ కావాలి: ‘ఇథ్ ఎసొవ్ వీ ఒ ప్రెన’. ఈ గీత దాటి గూల్‌ను అన్నిచోట్లా పెట్టేయడం కొత్తవాళ్ల తొలి పొరపాటు. ‘ఉండు’ అనే ‘బోస్’, ‘చేయగలుగు’ అనే ‘గాల్లొస్’, ‘తెలియు’ అనే ‘గొద్‌వొస్’, ‘కోరు’ అనే ‘మిన్నెస్’ తమ కాళ్ల మీద తామే నిలబడతాయి, సాధారణంగా గూల్ తోడు కోరవు. గూల్‌కు గూల్ తోడు రావడంలో మాత్రం తప్పు లేదు. ‘మీ అ వ్రా గూల్ బారా’ అంటే నేను రొట్టె చేస్తాను. ఒక గూల్ కాలానికి, ఇంకో గూల్ పనికి.

రెండో పొరపాటు కర్మ దగ్గర. ‘నిన్ను చూస్తాను’ అనడానికి ‘మీ అ వ్రా గ్వెలెస్ తీ’ అని వరసగా పేరిస్తే సంప్రదాయ వ్యాకరణం ఒప్పుకోదు. గ్వెలెస్ ఇక్కడ నామరూపం, ‘చూడడం’ అనే పేరు. పేరుకు కర్మ ఉండదు, షష్ఠి ఉంటుంది. కాబట్టి ‘మీ అ వ్రా ద వెలెస్’, అంటే ‘నీ చూడడం చేస్తాను’. విడ్డూరంగా ఉంటే ‘స్వామిని దర్శించుకున్నాను’, ‘స్వామి దర్శనం చేసుకున్నాను’ అనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దర్శనం అనే పేరు వచ్చేసరికి ద్వితీయ పోయి ‘స్వామి’ షష్ఠిలోకి జరిగాడు. కార్నిష్ చేసేదీ అదే, కాకపోతే ప్రతి క్రియతోనూ.

ఇక్కడే ఒక్క హల్లు మీద మనిషి మారిపోయే చోటు ఉంది. ‘మీ అ వ్రూగ్ ఇ వెలెస్’ అంటే అతణ్ణి చూశాను. ‘మీ అ వ్రూగ్ హి గ్వెలెస్’ అంటే ఆమెను చూశాను. ‘అతని’ అనే మాట తర్వాత మెత్తని మార్పు వచ్చి గ రాలింది. ‘ఆమె’ తర్వాత వచ్చే మార్పు వేరే రకం, అది గకారం జోలికి పోదు. గబగబా మాట్లాడితే ‘హి’లోని హ సరిగ్గా వినబడకపోవచ్చు, అప్పుడు చూసింది ఆయననా ఆమెనా అన్నది తేల్చేది ఆ గ ఒక్కటే. హల్లుల మార్పులు అలంకారమేలే, తర్వాత నేర్చుకుందాం అనుకునేవాళ్లకు ఈ జంట వాక్యాలు చూపిస్తే చాలు.

మూడో తిరకాసు ప్రేరణార్థకం. ‘మీ అ వ్రూగ్ మోస్’ అంటే నేను వెళ్లాను. ‘మీ అ వ్రూగ్ దొదొ మోస్’ అంటే నేను అతడు వెళ్లేలా చేశాను. ‘దొదొ’ అంటే ‘అతనికి’. దాన్ని మింగేస్తే వెళ్లినవాడు మారిపోతాడు. తెలుగులోనూ ‘వెళ్లేలా చేశాను’లో చేయు ఈ పనే చేస్తుంది.

జవాబు చెప్పే పద్ధతి చూస్తే కార్నిష్ మనింటి పద్ధతే అనిపిస్తుంది. ‘వచ్చాడా?’ అంటే ‘వచ్చాడు’ అంటాం, ‘అవును’ అనే మాట తప్పనిసరి కాదు. కార్నిష్‌లో కూడా ప్రశ్నలోని క్రియే జవాబు. ‘అ వ్రూగ్ ఏవ్ దోస్?’ అంటే అతడు వచ్చాడా. ‘గ్వ్రూగ్’ అంటే వచ్చాడు, ‘నా వ్రూగ్’ అంటే రాలేదు. జవాబులో ‘దోస్’ మళ్లీ చెప్పనక్కర్లేదు. ప్రశ్నలో చిన్నమాట వల్ల రాలిన గకారం జవాబులో తిరిగి వచ్చిందన్నది గమనించాలి. ‘వ్రూగ్’ అని జవాబిస్తే తప్పు, ఎందుకంటే దాన్ని మెత్తబరిచే మాట ముందేమీ లేదు.

తెలుగులో ‘చేయు’ కూడా ఇలా తోడు నిలిచే క్రియే. ఫోన్ చేయి, వెయిట్ చేయి, డౌన్‌లోడ్ చేయి. కానీ మనం చేయును నిలబెట్టేది ఎక్కువగా అతిథుల కోసం, తెలుగు ప్రత్యయాలు అతకని పరాయి మాటల కోసం. ‘చూడు’, ‘కొను’ లాంటి ఇంటి క్రియలకు దాని అవసరం రాదు. కార్నిష్‌లో గూల్ అతిథులకూ ఇంటివాళ్లకూ ఒకేలా పని చేస్తుంది. పైగా పరాయి మాటను క్రియగా మార్చే పని అక్కడ గూల్‌ది కాదు, ‘య’ అనే ప్రత్యయానిది. ఇంగ్లీషు ‘రీడ్’ తెచ్చుకుని ‘రెద్య’ అన్నారు, మనం ప్రేమ నుంచి ‘ప్రేమించు’, స్మరణ నుంచి ‘స్మరించు’ చేసుకున్నట్టు. అలా ఇంటిదైన రెద్యకు మళ్లీ గూల్ తోడొస్తుంది: ‘మీ అ వ్రూగ్ రెద్య’ అంటే చదివాను.

ఈ తోడు పద్ధతి ఆఖరి రోజుల్లో పుట్టిన సోమరితనమేమీ కాదు. మధ్యయుగపు వెల్ష్ కథల్లో ‘రావడం చేశాడు’ తరహా వాక్యం ధారాళంగా దొరుకుతుంది, అక్కడి భూతకాల రూపం ‘గోరిగ్’ కార్నిష్ గ్వ్రూగ్‌కు తోబుట్టువే. 14వ శతాబ్దం చివరి ‘ఓర్దినాలియా’ నాటకాలు మొదలు కార్నిష్ పద్యాల్లోనూ ఉంది. అక్కడ ఛందస్సుకు కూడా అది అక్కరకొచ్చింది. ఏడేసి అక్షరాల పాదం చివర ప్రాస కుదరాలంటే క్రియ నామరూపాన్ని పాదాంతానికి నెట్టడం తేలిక. దాదాపు 1555 తర్వాత జాన్ ట్రెగియర్ ఇంగ్లీషు నుంచి అనువదించిన ప్రసంగాలు 1949లో బయటపడ్డాయి. అవి గద్యం, ప్రాస బెడద లేదు, అయినా ‘అతడు చేశాడు’ తోడు అడుగడుగునా ఉంది. చాలాచోట్ల అతను వకారం వదిలేసి ‘రుగ్’ అనే రాశాడు కూడా. అంటే బోడినార్ పలుకుబడికి 200 ఏళ్ల ముందే దారి పడింది. 1611లో విలియం జోర్డన్ పేరుతో వచ్చిన సృష్టి నాటకం పేరు ‘గ్వ్రెయాన్స్ ఆన్ బీస్’. ఆన్ బీస్ అంటే లోకం. గ్వ్రెయాన్స్ అంటే చేయడం, సృష్టించడం. గూల్ నుంచి పుట్టిన నామమే.

ఇంగ్లీషు ప్రశ్నల్లోనూ నిషేధాల్లోనూ అర్థం లేకుండా వచ్చి కూర్చునే ‘డూ’ కూడా బ్రిటానిక్ భాషల ప్రభావమేనని కొందరు భాషావేత్తల వాదం. పక్కపక్కన పెడితే ఆకర్షణీయమైన వాదమే. పైగా పశ్చిమ కార్న్‌వాల్ ఇంగ్లీషు యాసలో మామూలు వాక్యాల్లో కూడా క్రియ ముందు ‘డ్’ అని ఒక ముక్క వినిపిస్తుంది. కానీ ‘చేయు’ అర్థమున్న క్రియ తోడు క్రియగా మారడం లోకంలో అనేక భాషల్లో విడివిడిగా జరిగింది. ఇంగ్లీషులో ‘డూ’ బలపడిన కాలానికీ, ఇంగ్లీషువాళ్లు కెల్టులతో కలిసి బతకడం మొదలైన కాలానికీ మధ్య వందల ఏళ్ల ఎడం ఉంది. పోలిక బాగుంది కదా అని అప్పు తీర్మానించడం తొందరపాటు.

మాట్లాడేవాళ్లు లేక ఆగిపోయిన భాషను తర్వాతి తరాలు మళ్లీ లేపాక గూల్ ఎంత వాడాలన్న ప్రశ్న వచ్చింది. 1904లో హెన్రీ జెన్నర్ చేతిపుస్తకం చివరి కాలపు కార్నిష్‌కు దగ్గరగా నడిచింది. 1929లో రాబర్ట్ మార్టన్ నాన్స్ ఏకీకృత వర్ణక్రమం తెచ్చి మధ్యయుగపు ప్రతులను ఆదర్శంగా పెట్టాడు. 1986లో కెన్ జార్జ్ ధ్వనుల లెక్క ప్రకారం ఇంకో వర్ణక్రమం కట్టాడు. 2008లో అందరికీ ఉమ్మడిగా ప్రామాణిక లిఖిత రూపం వచ్చింది, అందులో గూల్, గ్వీల్ రెండు రూపాలకూ చోటుంది. 2011 జనగణనలో కార్నిష్ తమ ప్రధాన భాష అని రాయించుకున్నవాళ్లు ఇంగ్లండ్, వేల్స్ కలిపి 557 మంది. ఇంత చిన్న సమూహంలో ప్రతి పాఠం లెక్కే, అందుకే తోడు క్రియతో మొదలుపెట్టించి నేర్చుకునేవాణ్ణి త్వరగా మాట్లాడించడం తెలివైన పనే. కానీ అక్కడే ఆగిపోతే పాత నాటకాల్లో ఒక్క పుట కూడా చదవడం కష్టమవుతుంది. ‘లెవెరిస్’ కనబడితే అది చెప్పడమే అని తట్టాలి. మాట్లాడడానికి గూల్ చాలు, చదవడానికి చాలదు.

బోడినార్ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. ‘మీ డెస్కీ కర్నోవాక్ మోస్ ద మోర్ గెన్ టీస్ కోత్’: ముసలివాళ్లతో సముద్రం మీదికి వెళ్తూ కార్నిష్ నేర్చుకున్నాను. మొదట్లో ‘మీ రిగ్ డెస్కీ’ అన్న మనిషే ఇక్కడ ‘రిగ్’ లేకుండా ‘మీ డెస్కీ’ అని ఊరుకున్నాడు. రాయడంలో జారిపోయిందా, మాట్లాడేటప్పుడే అలా మింగేసేవాళ్లా అన్నది ఒక్క వాక్యం తేల్చలేదు. ‘రిగ్’ పోయాక మిగిలింది నామరూపం ఒక్కటే, అందులో కాలం లేదు, పురుష లేదు. అతను నేర్చుకున్నది ఎప్పుడో మనకు తెలిసేది ఆ క్రియ వల్ల కాదు. అరవై అయిదేళ్ల వయసు గురించీ చిన్నతనం గురించీ అంతకు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి.